బడిలో వసంతం: తోట మడి, గ్లాసులో గింజ, పురుగుల పెట్టె... ఏది మేలు?

చెట్లు చిగుళ్లు వేసే రోజులొచ్చాయంటే ప్రాథమిక బడి స్టాఫ్‌రూములో ఒకటే చర్చ: "ఈసారి పిల్లల చేత ఏం చేయిద్దాం?" ఒకరు తోట వేయిద్దామంటారు. ఒకరు గ్లాసుల్లో గింజలు చాలంటారు. ఇంకొకరు సీతాకోకచిలుకలు పెంచుదామంటారు. నేను మూడూ చేయించాను, మూడింటిలోనూ ఎక్కడో ఒకచోట బోల్తా పడ్డాను. అందుకే కొత్త టీచర్లు ఎవరైనా సలహా అడిగితే నేను ముందు అడిగేది ఒక్కటే: బడి మూసేది ఎప్పుడు?

వసంతం వెనకే పెద్ద సెలవులు కాచుకుని ఉంటాయి మరి. ఉత్తరార్ధగోళంలో మార్చి 20 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమై వసంతం మొదలైతే, దక్షిణార్ధగోళంలో సెప్టెంబరు 22, 23 తేదీల్లో మొదలవుతుంది. ఏ వైపు చూసినా ఇబ్బంది ఒకటే. మొక్క ఊపందుకునే వేళకి పిల్లలు సంచులు సర్దేస్తారు. కాబట్టి క్యాలెండరు ముందు పెట్టుకుని, ఆఖరి పనిదినం నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. చేతిలో 2 వారాలే ఉంటే ఒక దారి, 5 వారాలుంటే ఇంకో దారి, 10 వారాలుంటే మరో దారి.

గ్లాసులో గింజ

దీనికి సరంజామా ఏమీ అక్కర్లేదు. గాజు గ్లాసు, తడిపిన టిష్యూ పేపరు, పేపరుకీ గాజుకీ మధ్య రెండు చిక్కుడు గింజలు. ముందు రాత్రి నానబెట్టిన గింజైతే మూడు నాలుగు రోజుల్లో వేరు కనిపిస్తుంది, వారం పది రోజుల్లో మొలక నిలబడుతుంది. బొమ్మ వేయించి, భాగాలకు పేర్లు రాయించి చాలామంది ఇక్కడితో సరిపెట్టేస్తారు. నాకైతే అసలు ఆట ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది.

ఒక గ్లాసుని అలమారలో పెట్టి తలుపేయండి. వేసే ముందు చేతులెత్తించండి: ఏ మొలక పొడుగు పెరుగుతుంది? వెలుగులో ఉన్నదే అని క్లాసంతా అంటుంది. వారం పోయాక తలుపు తీస్తే అలమారలోదే పొడుగ్గా ఉంటుంది. పాలిపోయి, పీలగా, తన బరువు తాను మోయలేక వాలిపోయి ఉంటుంది కానీ పొడుగు మాత్రం అదే. వెలుగు ఎక్కడుందో వెతుక్కుంటూ గింజలోని నిల్వనంతా కాండం సాగడానికే ఖర్చుపెట్టేసింది. అనుకున్నది తప్పని తేలినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. మొలక భాగాల పేర్లు మర్చిపోయినా ఇది మర్చిపోరు.

ఇంకో గ్లాసుని పక్కకి పడుకోబెడితే వేరు మళ్లీ కిందికే వంగుతుంది. చిక్కుడు పక్కనే బఠాణీ వేస్తే ఇంకో తేడా బయటపడుతుంది. చిక్కుడు తన గింజ పప్పుల్ని నెత్తిన పెట్టుకుని పైకి లేస్తుంది, బఠాణీ వాటిని కిందే వదిలేసి వస్తుంది. నాలుగు, ఐదు తరగతులకైతే ఇంకాస్త ముందుకెళ్లొచ్చు. మొలక వెలుగు వైపు వంగుతుందని అందరికీ తెలుసు. కానీ వెలుగుని పసిగట్టేది దాంట్లో ఏ భాగం? చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ ఇదే ప్రశ్న వేసుకుని గడ్డి జాతి మొలకల కొనలకు చిన్న చిన్న టోపీలు తొడిగి చూశారు. టోపీ పెట్టినవి వంగలేదు. ఆ ఫలితాలు 1880లో అచ్చయ్యాయి. గోధుమ మొలకలు, అల్యూమినియం రేకు ముక్కలు ఉంటే పదేళ్ల పిల్లలు కూడా అదే పని చేసి చూడొచ్చు.

దీని లోపం ఏమిటంటే, ఇది గది దాటదు. ఆఖరి రోజున గ్లాసు ఇంటికి పంపిస్తాం, కిటికీలో నాలుగు రోజులుండి వాడిపోతుంది. అమ్మానాన్నలకు దీంట్లో పనేం ఉండదు. పైగా ప్రతి క్లాసులోనూ ఒకరిద్దరి గింజలు మొలవవు. వాళ్ల బెంగ తీర్చడానికి టీచరు బల్ల కింద అదనంగా నాలుగు గ్లాసులు ఉంచుకోవడం మంచిది. ఇది మోసం కాదా అని ఒక సహోద్యోగి అడిగారు. ఆరేళ్ల వాడు ఏడుస్తుంటే చూశాక ఆవిడా నాలుగు గ్లాసులు పెట్టుకున్నారు.

తోట మడి

తోట అనగానే అందరి కళ్లూ మెరుస్తాయి. దానికి పెద్ద చరిత్రే ఉంది. 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థ మొదలుపెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని దాని అర్థం. పేరులోనే కాదు, నిజంగానే తోట ఉండాలన్నాడు. ప్రతి పిల్లకీ సొంతంగా ఒక చిన్న మడి, అందరికీ కలిపి ఒక ఉమ్మడి మడి.

నేను మొదటిసారి ఉమ్మడి మడి ఒక్కటే వేయించాను. అందరిదీ అంటే ఎవరిదీ కాదన్నమాట రెండో వారానికే రుజువైంది. నీళ్లు పోసేవాళ్లు రోజూ ఆ నలుగురే, కాయ కనపడితే కోసేవాళ్లు నలభై మంది. తర్వాతి ఏడాది తాడు కట్టి గళ్లు చేసి, ఇద్దరికో గడి చొప్పున ఇచ్చాను. అక్కడి నుంచి కలుపు తీయమని చెప్పాల్సిన పని లేకపోయింది.

అయినా ఆ ఏడాదీ దెబ్బ తిన్నాం. పొద్దుతిరుగుడు, టమాటా, గుమ్మడి వేశాం. పొద్దుతిరుగుడు పూయడానికి రెండు నెలల పైమాటే. నారు నాటాక టమాటా పండటానికీ దాదాపు అంతే. గుమ్మడికైతే మూడు నెలలు దాటుతుంది. సెలవులకు 7 వారాలే ఉందని ఎవరూ లెక్కపెట్టలేదు. మొగ్గలు కనిపించిన వారమే బడి మూశారు. సెలవుల్లో నీళ్లు పోయడానికి ఇద్దరు తల్లిదండ్రులు ఒప్పుకున్నారు, గేటు దాకా వచ్చారు కూడా. తోట కొళాయికి తాళం. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. బడి తెరిచాక పిల్లలు మొదట పరుగెత్తింది అక్కడికే. ఎండిన పుల్లలు చూసి ఒకమ్మాయి, "టీచర్, మేం లేమని చచ్చిపోయాయా?" అంది.

తప్పు తోటది కాదు, మేం వేసిన విత్తనాలది. ముల్లంగి అయితే నాలుగైదు రోజుల్లో మొలిచి, నెల తిరక్కుండానే పీకడానికి వస్తుంది. ఆకుకూరలకూ నాలుగైదు వారాలు చాలు. మడి వెడల్పు 1 మీటరు దాటనివ్వకూడదు, లేదంటే పిల్లల చేయి మధ్యకి అందక మడిలోకే దిగి తొక్కేస్తారు. రోజుకి ఆరు గంటలైనా ఎండ పడే చోటు కావాలి. పాత భవనం గోడ పక్కన మాత్రం వద్దు. పాతకాలపు పెయింట్లలో సీసం ఉండేది, రాలిన పెచ్చుల నుంచి అది మట్టిలో చేరి ఉండొచ్చు. చోటు అదొక్కటే అయితే కొయ్య చట్రం కట్టి కొత్త మట్టి పోయించుకోవడం క్షేమం.

తోటకున్న బలం ఇంకే పనికీ లేదని మాత్రం ఒప్పుకుంటాను. గునపం పట్టడం తెలిసిన తాతగార్లు, మాట్లాడటానికి మొహమాటపడే నాన్నలు, ఎప్పుడూ మీటింగులకు రాని వాళ్లు కూడా తోట పనికి వస్తారు. బెంచీ మీద కూర్చుని మార్కుల గురించి వినడం కన్నా మట్టి తవ్వుతూ మాట్లాడటం చాలామందికి తేలిక.

పురుగుల పెట్టె

ఒకటి, రెండు తరగతులకు ఏం చేద్దామని అడిగితే నా ఓటు కళ్లు మూసుకుని దీనికే. లెక్క చక్కగా సరిపోతుంది. చాలా రకాల సీతాకోకచిలుకలకి గుడ్డు నుంచి రెక్కల దాకా 4 నుంచి 6 వారాలు. వాతావరణం వెచ్చగా ఉంటే ఇంకా తొందరగా. గొంగళి పురుగుగా ఉండేది రెండు వారాల చిల్లర, కదలకుండా పెంకులాంటి గూడులో ఉండే ప్యూపాగా మరో వారం పది రోజులు. సెలవుల ముందే కథ మొదలై సెలవుల ముందే ముగుస్తుంది.

పురుగుల్ని ఎక్కడి నుంచో తెప్పించుకోవడం నాకు నచ్చదు. వేరే ప్రాంతం జాతుల్ని తెచ్చి గాల్లోకి వదలకూడదు. ఆవరణలో ఏదో ఒక ఆకు కొరికి ఉంటుంది, దాని వెనక వెతికితే దొరుకుతుంది. ఏ ఆకు మీద దొరికిందో ఆ ఆకే రోజూ తాజాగా పెట్టాలి. చాలా పురుగులు వేరే ఆకు ముట్టవు. ఆకలితో చస్తాయి కానీ తినవు. ఒళ్లంతా వెంట్రుకలున్న పురుగుల జోలికి మాత్రం పోవద్దు. కొన్నింటి వెంట్రుకలు తగిలితే దురద, దద్దుర్లు వస్తాయి. పెట్టె పొడుగ్గా ఉండాలి, లోపల ఒక పుల్ల ఏటవాలుగా పెట్టాలి. ప్యూపా నుంచి బయటికొచ్చిన చిలుక తలకిందులుగా వేలాడుతూ, ముడుచుకున్న రెక్కల్లోకి ద్రవం పంపి వాటిని చాపుకుంటుంది. చోటు చాలకపోతే రెక్కలు నలిగినవి నలిగినట్టే గట్టిపడిపోతాయి, ఇక ఎగరలేదు.

మా పెట్టెలో మొదటి చిలుక బయటికొచ్చిన రోజు క్లాసంతా గోల. "టీచర్, రక్తం!" అని ఒకడు కేక. అడుగున పరిచిన కాగితం మీద ఎర్రటి చుక్కలు. అది రక్తం కాదు. ప్యూపాలో ఉన్నన్నాళ్లూ పోగైన వ్యర్థం అలా బయటికొస్తుంది. ఈ ముక్క ముందే చెప్పి ఉంటే ఇద్దరు పిల్లలకు ఏడుపు తప్పేది.

అంతకన్నా కష్టమైన రోజు తర్వాతి ఏడాది వచ్చింది. ఒక ప్యూపాకి కన్నం పడి అందులోంచి సీతాకోకచిలుకకు బదులు చిన్న కందిరీగల్లాంటివి బయటికొచ్చాయి. గొంగళి పురుగు ఒంట్లో గుడ్లు పెట్టి, లోపల్నుంచి దాన్నే తిని పెరిగే పరాన్నజీవులవి. నాకు చెమటలు పట్టాయి. ఏడేళ్ల పిల్లలకు ఏమని చెప్పాలి? జరిగింది జరిగినట్టే చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకడు, "మరి వీటి పిల్లలక్కూడా ఆకలేస్తుంది కదా" అన్నాడు. పాఠం నా చేతిలోంచి ఎప్పుడో జారిపోయింది, జారనిచ్చాను.

కోడిగుడ్లు పొదిగిద్దామనే మాట కూడా ఏటా వస్తుంది. 37.5 డిగ్రీల దగ్గర 21 రోజులు, లెక్కకు బాగానే ఉంటుంది. 22వ రోజు సంగతి ఎవరూ ఆలోచించరు. ఆ పిల్లలెక్కడికి పోవాలి? అందులో సగం పుంజులు. పైగా కోడిపిల్లల ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు, చేతులు నోట్లో పెట్టుకునే వయసు వాళ్లున్న గదిలో ఆ టెన్షన్ ఎందుకు? నేను వద్దంటాను.

నాలుగోది: ఒక్క చెట్టు

దీనికి ఖర్చు లేదు, నీళ్లు పోసే పనీ లేదు. ఆవరణలో ఉన్న ఒక చెట్టుని ఎంచుకుని వారానికి రెండుసార్లు వెళ్లి చూడటమే. మొదటి చిగురు ఏ తేదీన, మొదటి పువ్వు ఏ తేదీన, మొదటి తేనెటీగ ఏ తేదీన అని రాసిపెట్టుకోవాలి. మొదటి ఏడాది చప్పగానే ఉంటుంది, దాచడమెందుకు. రెండో ఏడాది నుంచి మజా వస్తుంది. పోయినేడు పై తరగతి వాళ్లు రాసిన తేదీ గోడ మీద ఉంటే, దానికన్నా ముందే చిగురు పట్టుకోవాలని పిల్లలు ఉదయం బెల్లుకి ముందే చెట్టు కిందికి చేరతారు. ఇంగ్లండ్‌లోని నార్ఫక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో ఇలాగే వసంత చిహ్నాలు రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆయన తర్వాత వారసులు 1958 దాకా రాశారు. వాతావరణం వేడెక్కితే చెట్లు ఎంత ముందుగా ఆకులేస్తాయో అంచనా వేయడానికి శాస్త్రజ్ఞులు ఆ పట్టీలు వాడుకున్నారు. ఆయన మొదలుపెట్టినప్పుడు అది వట్టి తేదీల జాబితానే కదా.

పెద్దలు ఎక్కడ రావాలి?

వసంతంలో బడికి ఇంకో ముచ్చట ఉంటుంది, స్టేజీ కట్టి ఫంక్షన్ చేయడం. చెయ్యొద్దనను. కానీ రిహార్సళ్లకి రెండు వారాల పాఠాలు పోతాయి, తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి తమ పిల్ల వంతు వచ్చేదాకా చూసి వెళ్లిపోతారు. దాని బదులు సాయంత్రం ఒక్క గంట తరగతి గదులు తెరిచిపెట్టి, ప్రతి బల్ల దగ్గరా పిల్లల్నే నిలబెట్టి చెప్పించండి. అలమార మొలక పక్కన నిలబడిన పిల్లాడు "ఏది పొడుగవుతుందో చెప్పండి చూద్దాం" అని పెద్దవాళ్లని నిలదీస్తాడు. పెద్దవాళ్లూ తప్పే చెబుతారు. పగటి పూట రాలేని తల్లిదండ్రులకు సాయంత్రం వీలవుతుంది, ఎవరికీ కొత్త బట్టలు కొనే పని పడదు.

మరి ఏది మేలంటారా? రెండు వారాలే ఉంటే గ్లాసులు, అదీ అలమార ప్రయోగంతో కలిపి. ఐదారు వారాలుండి పిల్లలు చిన్నవాళ్లయితే పురుగుల పెట్టె. సెలవుల్లో వారానికొకరు చొప్పున నీళ్లు పోస్తామని పది కుటుంబాలైనా పేర్లు రాసిస్తేనే పెద్ద తోట. ఆ పేర్లు రాకపోతే నెలలో తేలిపోయే ముల్లంగి, ఆకుకూరలతో ఒక చిన్న మడి చాలు. చెట్టు మాత్రం వీటిలో ఏది చేసినా పక్కనే సాగనివ్వండి.

ఈసారి మాకు సెలవులకు 6 వారాలుంది. ఒకటి, రెండు తరగతులకు పెట్టె సిద్ధమైంది, మూడో తరగతి వాళ్లు గ్లాసులు తెచ్చుకున్నారు, నాలుగు, ఐదు వాళ్లు మడికి తాళ్లు కడుతున్నారు. రేపు వాచ్‌మన్‌ని పట్టుకుని ఆ కొళాయి తాళంచెవి సంగతి తేల్చుకోవాలి.