జాగ్రత్త: ట్రాక్ సా కిట్ అని మార్బుల్ కట్టర్ పంపిస్తున్నారు

ట్రాక్ సా అంటే పొడవాటి అల్యూమినియం పట్టీ (రైలు) మీద జరుపుతూ ప్లై షీట్లు తిన్నగా కోసే కరెంటు రంపం. ఆ కిట్లు అమ్మే షాపు మీలో చాలామందికి తెలిసిందే, పేరు రాయను. యాడ్‌లో పెట్టిన ఫొటో అసలైన ప్లంజ్ సాది, అంటే నొక్కితేనే బ్లేడు కవరులోంచి కిందికి దిగే ట్రాక్ సాది. డబ్బాలో వచ్చింది మాత్రం టైల్స్, రాయి కోసే 110 మిల్లీమీటర్ల మార్బుల్ కట్టరు, దాని అడుగున నాలుగు స్క్రూలతో బిగించిన ప్లాస్టిక్ ప్లేటు, రెండు ముక్కల అల్యూమినియం రైలు, చెక్క కోసే బ్లేడు ఒకటి. అదే కిట్ ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

ఫోన్ చేసి రివింగ్ నైఫ్, అంటే బ్లేడు వెనకాల నిలబడే రేకు, ఏదని అడిగితే వచ్చిన జవాబు: "ఏ రేకన్నా? బ్లేడు వెనకాల ఉండేదా? అది ఉన్నా మా కార్పెంటర్లు ఊడబీకి పక్కన పారేస్తారు. కోస్తుందా లేదా, అది చూస్కోండి." వెనక్కి తీసుకోమంటే, బాక్స్ తెరిచిన పవర్ టూల్‌కి రిటర్న్ లేదట. తెరవకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుంది? వేరే సరుకు పంపినందుకన్నా ఆ "ఏ రేకన్నా" అన్న మాటకే ఒళ్ళు మండిపోయింది. ఆ రేకు ఎందుకుందో తెలియకుండా ఈ మెషీన్లు అమ్మడం ఘోరం. తెలిసే అలా అన్నాడంటే ఇంకా ఘోరం.

షీటు కోస్తూ పోతుంటే బ్లేడు వెనకాల కోత సందు మూసుకోవచ్చు. చెక్కలో బిగువు ఉన్నా అంతే, తెగిన ముక్క కిందికి వేలాడినా అంతే. సందు బ్లేడుని పట్టేసిందంటే, కింది పళ్ళు ముందుకి తిరుగుతుంటాయి కాబట్టి మెషీను వెనక్కి లేచి పట్టుకున్న మనిషి మీదికే వస్తుంది. రేకు ఉంటే ఆ సందుని మూసుకోనివ్వదు. దాని మందం బ్లేడు ఒంటి మందం కన్నా ఎక్కువ, కోత వెడల్పు కన్నా తక్కువ ఉండాలి. కోత 2.2 మిల్లీమీటర్లు, బ్లేడు ఒళ్ళు 1.6 అయితే రేకు ఆ రెంటి మధ్యలో పడాలి. బ్లేడు మార్చినప్పుడల్లా ఇది సరిచూసుకోవాలి.

మార్బుల్ కట్టరులో ఆ రేకుకి చోటే లేదు. పైగా బ్లేడు ఎప్పుడూ కిందికి బయటే ఉంటుంది. ప్లంజ్ సాలో చెయ్యి వదిలితే స్ప్రింగు బ్లేడుని పూర్తిగా కవరు లోపలికి లాగేస్తుంది. ఇందులో స్విచ్ ఆపి మెషీను ఎత్తినా బ్లేడు తిరుగుతూనే చేతిలోకి వస్తుంది. సింకు కోసం షీటు మధ్యలో కొయ్యాలంటే ప్లేటు అంచు మీద వంచి దించాలి. మెషీను ఎగిరి దూకేది ఎక్కువగా అక్కడే.

ఇక వేగం. మెషీను మీద స్టిక్కర్ 13,000 ఆర్‌పీఎం (నిమిషానికి అన్ని చుట్లు) అంటోంది. 110 బ్లేడుకి ఆ లెక్కన పంటి వేగం సెకనుకి దాదాపు 75 మీటర్లు. మకీటా ఎస్‌పీ 6000 లాంటి ప్లంజ్ సాలో 165 బ్లేడు 2,000 నుంచి 5,200 దాకా తిరుగుతుంది, అంటే ఎక్కువలో ఎక్కువ సెకనుకి 45 మీటర్లు. డబ్బాలో వచ్చిన బ్లేడుని రెండు వైపులా తిప్పి చూడండి: తిరిగే దిక్కు బాణం ఉంది, పళ్ళు 40 అని ఉంది, మాక్స్ ఆర్‌పీఎం అంకె ఎక్కడా లేదు. ఆ అంకె లేని బ్లేడు ఏ మెషీనుకీ ఎక్కించకూడదు. ఉన్నా, అది మెషీను వేగం కన్నా తక్కువైతే అసలు ముట్టుకోవద్దు. పన్ను ఊడి ఎగిరితే ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

రైలు కూడా అంతంతమాత్రమే. మంచి సాకి అడుగు ప్లేటులో రెండు చోట్ల అడ్జస్ట్‌మెంట్ నాబ్‌లు ఉంటాయి, రైలు గట్టుకీ ప్లేటు గాడికీ మధ్య లూజు తీసెయ్యడానికి. ఈ ప్లాస్టిక్ ప్లేటుకి అవి లేవు, పక్కకి తోస్తే కదులుతోంది. అర మిల్లీమీటరు లూజు ఉన్నా సన్‌మైకా అంచు చిట్లుతుంది, బ్లేడు పక్కలు రాసుకుని ప్లై నల్లగా మాడుతుంది. రైలు అంచున ఉండే రబ్బరు పట్టీని మొదటిసారి మన బ్లేడుతోనే కోసుకోవాలి, ఆ తర్వాత కోత సరిగ్గా పట్టీ అంచునే పడుతుంది. లూజు ఉంటే ప్రతిసారీ పట్టీని ఇంకొంచెం తినేస్తుంది, గీత మీద నమ్మకం పోతుంది. 8 అడుగుల షీటుకి 1,400 మిల్లీమీటర్ల రైలు ముక్కలు రెండు కలపాలి, రెండు జాయింటు పట్టీలు కావాలి. వీళ్ళు పంపింది ఒక్క జాయింటు పట్టీయే. కలిపేటప్పుడు అంచుకి తిన్నని లెవెల్ పట్టీ ఆనించి బిగించకపోతే జాయింటు దగ్గర మెషీను తట్టుకుంటుంది.

కొనేవాళ్ళకి: డబ్బా తెరిచేటప్పుడు ఆపకుండా వీడియో తియ్యండి. ప్లగ్గు పెట్టకముందే రేకు ఉందా, ప్లంజ్ వదిలితే బ్లేడు పూర్తిగా లోపలికి పోతోందా, రైలు మీద పక్కకి లూజు ఉందా చూడండి. మోటారులో అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు విడిగా దొరుకుతాయో లేదో ముందే అడగండి. 18 ఎంఎం ప్లైకి బ్లేడు షీటు కిందికి 2, 3 మిల్లీమీటర్లు దిగితే చాలు. మెషీను మీది లోతు స్కేలు రైలుని లెక్కలోకి తీసుకోకపోతే రైలు మందం కలుపుకోవాలి. షీటు కింద నిండా థర్మోకోల్ పరవండి, తెగిన ముక్క వేలాడదు. రైలు మీద నూనె వద్దు, పొట్టు అంటుకుంటుంది.

షాపువాళ్ళు మన మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరు 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

ఈ కిట్ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్ళు ఆ చెక్క కోసే బ్లేడు వెంటనే తీసెయ్యండి. ప్లేటు విప్పేసి, డైమండ్ బ్లేడు వేసి టైల్స్‌కి, రాయికి మాత్రమే వాడండి.