గానుగ షాపు, గూగుల్, ఐదేళ్ల వాడకం

హన్మకొండలో మాది చిన్న గానుగ నూనెల షాపు. నేను, మా బావమరిది కలిసి 2020 చివర్లో మొదలుపెట్టాం. రెండు కట్టె గానుగలు, ఎనుమాముల మార్కెట్ నుంచి తెచ్చుకునే పల్లీలు, నువ్వులు, అంతే. ప్రచారానికని విడిగా డబ్బేమీ పెట్టుకోలేదు. రెండు వేల కరపత్రాలు కొట్టించి పేపర్లలో పెట్టిస్తే నాలుగు ఫోన్లు వచ్చాయి. అందులో ఒకటి పేపర్ వేసే అబ్బాయిదే, తన డబ్బుల కోసం. అప్పటి నుంచి మేం గట్టిగా పట్టుకున్నవి రెండే: గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో, మ్యాప్‌లో మన షాపు వివరాలు కనిపించే చోటు), సెర్చ్ కన్సోల్ (జనం గూగుల్‌లో ఏం వెతికితే మన సైట్ కనిపించిందో చూపించేది). రెండింటికీ రూపాయి కట్టక్కర్లేదు. ఐదేళ్లు వాడాక నాకు అర్థమైంది రాస్తున్నాను.

మేం చేరినప్పుడు ప్రొఫైల్ పేరు గూగుల్ మై బిజినెస్. 2021 నవంబరులో పేరు మార్చారు. షాపు నిజంగా ఉందో లేదో చూసుకోవడానికి అప్పట్లో పోస్టులో ఒక కార్డు వచ్చేది, దాని మీద ఐదంకెల పిన్ ఉండేది. 2023లో షాపు పక్క వీధికి మార్చినప్పుడు మాత్రం గూగుల్ వీడియో అడిగింది. వీధి మొదట్లో బోర్డు దగ్గర మొదలుపెట్టి, ఎక్కడా ఆపకుండా నడిచి, మా బోర్డు చూపించి, తాళం తీసి షట్టర్ ఎత్తి, లోపల గానుగ స్విచ్ వేసి చూపించాలి. ముందే తీసి పెట్టుకున్న వీడియో పనికిరాదు, అప్పటికప్పుడు తీయాల్సిందే. మొదటిసారి సగంలో మా అత్తగారు ఫోన్ చేశారు, వీడియో పోయింది. రెండోసారి ఎదురింటాయన "ఏమైందన్నా, దొంగలు పడ్డారా?" అని అడిగిన మాటతో సహా రికార్డయింది. అదే పంపాం, అది చాలింది.

ఆ రోజుల్లో ప్రొఫైల్‌లోనే ఉచితంగా చిన్న వెబ్‌సైట్ కూడా తయారయ్యేది. చాలామంది దాంతోనే సరిపెట్టుకున్నారు. 2024 మార్చిలో ఆ సైట్లన్నీ ఆపేశారు. మేం 2021లోనే సొంత డొమైన్ (వెబ్‌సైట్ అడ్రసు) కొనుక్కుని సైట్ పెట్టుకున్నాం కాబట్టి మాకు తేడా పడలేదు. డొమైన్, హోస్టింగ్ (సైట్ ఉంచుకునే చోటు అద్దె) కలిపి ఏడాదికి నాలుగు వేల లోపే అవుతుంది. కొత్తగా మొదలుపెట్టే వాళ్లు ఈ ఒక్క ఖర్చుకు వెనకాడొద్దు.

ఇక సెర్చ్ కన్సోల్ సంగతి. నా దృష్టిలో అసలు సరుకు ఇక్కడే ఉంది. సైట్ పెట్టిన కొత్తలో ప్రతి పేజీలో గొప్పగా "కోల్డ్ ప్రెస్డ్ ఆయిల్" అని రాసుకున్నాం. సీసా మీద కూడా అదే. ఆరు నెలలు సైట్‌కి చుట్టాలు తప్ప ఎవరూ రాలేదు. ఒకరోజు రాత్రి షాపు కట్టేశాక కన్సోల్‌లో జనం టైపు చేసిన మాటల జాబితా తెరిచి చూశాను. "గానుగ నూనె", "చెక్క గానుగ", "వేరుశనగ నూనె", "వరంగల్‌లో గానుగ". మేం రాసినది పల్లి నూనె. ఆంధ్ర వైపు నుంచి వెతికే వాళ్లు రాసేది వేరుశనగ. మా అడ్రసు హన్మకొండ, జనం కొట్టేది వరంగల్. పైగా ఇంగ్లిష్ అక్షరాల్లో హన్మకొండను ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. జిల్లా పేరు మారాక ఆ గందరగోళం ఇంకా పెరిగింది.

కూర్చుని పేజీలన్నీ తిరగరాశాను. "పల్లి (వేరుశనగ) నూనె" అని, "వరంగల్, హన్మకొండ, కాజీపేట" అని మామూలుగా మాట్లాడినట్టే. రెండు నెలల తర్వాత కాని కదలిక రాలేదు. ఇందులో ఓపిక లేని వాళ్లకు టెన్షన్ తప్పదు.

ఆ జాబితాలోనే ఇంకో మాట పదే పదే కనిపించింది: "పల్లీలు తెస్తే నూనె పట్టి ఇస్తారా". మేం ఆ పని చేయట్లేదు. చేయొచ్చన్న ఆలోచనే రాలేదు. ఇప్పుడు మంగళ, శుక్రవారాలు పొద్దున పూట అదే పని. ఊళ్ల నుంచి సంచుల్లో సొంత పల్లీలు తెచ్చుకుంటారు. రెండున్నర కిలోల పైచిలుకుకు లీటరు నూనె దిగుతుంది. కళ్లముందే పట్టించుకుని, నూనె తీయగా మిగిలిన పల్లి చెక్క కూడా బర్రెలకని మూట కట్టుకుని పోతారు. మా ఆదాయంలో ఇప్పుడు పావు వంతు ఇదే. ఏ కన్సల్టెంటూ చెప్పలేదు దీన్ని.

కన్సల్టెంటు అంటే గుర్తొచ్చింది. 2022లో ఒక ఏజెన్సీ వాళ్లు ఫోన్ చేసి నెలకు పన్నెండు వేలకు మూడు నెలల్లో మొదటి స్థానం గ్యారంటీ అన్నారు. ఆశపడ్డాం. వాళ్లు చేసిన మొదటి పని, ప్రొఫైల్‌లో మా షాపు పేరు పక్కన "వరంగల్ బెస్ట్ గానుగ నూనె హోల్‌సేల్" అని తగిలించడం. బోర్డు మీద లేని మాటలు పేరులో చేర్చకూడదని రూల్ ఉంది. వారం తిరక్కుండా ప్రొఫైల్ సస్పెండ్ అయింది. బోర్డు ఫోటో, రిజిస్ట్రేషన్ కాగితాలు పెట్టి అప్పీల్ చేస్తే మూడు వారాలకు తిరిగొచ్చింది. అది సంక్రాంతి ముందు. అరిసెల సీజన్‌లో నువ్వుల నూనెకు మ్యాప్‌లో మేం లేము. ఏజెన్సీ వాళ్లు ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. గ్యారంటీ అన్న మాట వినగానే ఫోన్ పెట్టేయండి. చుట్టుపక్కల వెతికినప్పుడు మ్యాప్‌లో వచ్చే స్థానాన్ని డబ్బుతో కొనలేమని గూగులే రాసి పెట్టింది. వెతికినదానికి షాపు ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది, ఈ మూడూ చూస్తుందట.

ఆ దూరం సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. రోజూ షాపులో కూర్చుని వెతుక్కుని మేమే ఫస్ట్ అని మురిసిపోయేవాణ్ని. ఓసారి కాజీపేట స్టేషన్ దగ్గర ఫోన్ తీసి చూస్తే ఎక్కడో కింద ఉన్నాం.

యాడ్స్ కూడా ఒకసారి పెట్టి చూశాం. ఆరు వేలు, పైన పద్దెనిమిది శాతం జీఎస్టీ. ఫోన్లు బాగానే మోగాయి. "అన్నా, గానుగ మెషీన్ ఎంత?" తప్పు మాదే. "గానుగ" అన్న మాటకు యాడ్ పెడితే నూనె కావాల్సిన వాళ్ల కంటే గానుగ కొనాలనుకునే వాళ్లే ఎక్కువ నొక్కారు. ఏ మాటలకు మన యాడ్ కనిపించకూడదో చెప్పే జాబితాలో "మెషీన్", "ధర", "సబ్సిడీ" ముందే చేర్చుకోవాలని డబ్బయిపోయాక నేర్చుకున్నాం. చిన్న బడ్జెట్‌తో యాడ్స్‌కి దిగాలంటే కన్సోల్‌లో కనీసం నాలుగైదు నెలల మాటలు చూసుకున్నాకే దిగండి.

రివ్యూల విషయంలో మొదట్లో నేనూ ఒక తప్పు చేశాను. రివ్యూ రాస్తే యాభై రూపాయలు తగ్గిస్తామని బోర్డు పెట్టాను. అలా ఇవ్వడం నిబంధనలకు విరుద్ధమని తెలిశాక తీసేశాను. ఇప్పుడు బిల్లు కౌంటర్ మీద రివ్యూ పేజీకి తీసుకెళ్లే క్యూఆర్ కోడ్ ఒకటి అంటించి ఊరుకున్నాం. అడిగితే పదిమందిలో ఒకరు రాస్తారు. ఆ ఒక్కరు రాసింది బోలెడు పని చేస్తుంది, ముఖ్యంగా తిడితే.

ఒక మేడం ఒక స్టార్ ఇచ్చి "పూరీలు వేస్తుంటే నురగ పొంగింది, కల్తీ నూనె" అని రాశారు. బావమరిదికి కోపం వచ్చి గట్టిగా జవాబు టైపు చేశాడు. పంపకుండా ఆపాను. మర్నాడు పొద్దున నిదానంగా రాశాం: రిఫైన్ చేసేటప్పుడు తీసేసే జిగురు పదార్థాలు గానుగ నూనెలో ఉండిపోతాయి మేడం, అందుకే బాగా కాగినప్పుడు నురగ వస్తుంది, మూకుడులో నూనె తక్కువ పోసి మంట తగ్గించి చూడండి, అయినా నచ్చకపోతే సీసా వెనక్కి తీసుకుంటాం. ఆమె స్టార్ మార్చలేదు. సీసా కూడా తేలేదు. కానీ ఆ జవాబునే పెద్దది చేసి "గానుగ నూనెలో నురగ ఎందుకు వస్తుంది" అని సైట్‌లో ఒక పేజీ పెట్టాం. మూడేళ్లుగా మా సైట్‌లో ఎక్కువ మంది చదివేది అదే. అక్కడి నుంచే ఆర్డర్ పేజీకి వెళ్తున్నారు. హైదరాబాద్, బెంగళూరు ఆర్డర్లలో చాలా వరకు ఆ దారినే వచ్చినవి.

లోపాలంటే, కన్సోల్ 16 నెలల లెక్కే ఉంచుతుంది. పోయిన దసరాకి, అంతకుముందు దసరాకి తేడా చూడాలంటే ఎప్పటికప్పుడు దించి షీట్‌లో పెట్టుకోవాలి. నేను రెండేళ్ల లెక్క అలాగే పోగొట్టుకున్నాను. అతి తక్కువ మంది వెతికిన మాటలను బయటపెట్టదు కూడా. ఇక అన్నీ ఉచితమే కాని టైమ్ ఉచితం కాదు. వారానికి రెండు రాత్రులు గంటేసి పడుతుంది. ఫోటోలు కొత్తవి పెట్టాలి, పండగ సెలవుల టైమింగ్ మార్చాలి. ఒక ఉగాదికి మార్చడం మర్చిపోతే మడికొండ నుంచి వచ్చిన పెద్దాయన మూసిన షట్టర్ ముందు నిలబడి ఫోన్ చేశారు.

చుట్టుపక్కల పది కిలోమీటర్ల గిరాకీ మీద బతికే వ్యాపారానికి నేను ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఊరూవాడా పంపే సరుకైతే మూడు.

గానుగ మెషీన్ ధర అడిగే ఫోన్లు మాత్రం ఇప్పటికీ వారానికి రెండు వస్తూనే ఉన్నాయి. కోయంబత్తూరు వైపు అడగమని చెప్పి పెట్టేస్తున్నాను.