బ్యాష్ అర్రేలు: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

సర్వర్ల బ్యాకప్ నా పని. దానికి బ్యాష్‌లో, అంటే లినక్స్, మ్యాక్‌లలో కమాండ్లు నడిపే షెల్‌లో, స్క్రిప్ట్‌లు రాస్తాను. మొదట్లో ఫోల్డర్ల పేర్లన్నీ ఒకే స్ట్రింగ్‌లో పెట్టుకుని లూప్ తిప్పేవాణ్ణి. ఒక రాత్రి పాతవి తీసేసే స్క్రిప్ట్‌కు ‘పాత జీతాలు’ అనే ఫోల్డర్ తగిలింది. మధ్యలో ఖాళీ ఉండటంతో అది ‘పాత’, ‘జీతాలు’ అని రెండు పేర్లుగా చదివింది. ‘పాత’ అనే ఇంకో ఫోల్డర్ పక్కనే ఉంది. అది కాస్తా పోయింది. వేరే డిస్క్‌లోంచి తిరిగి తెచ్చేదాకా ఒకటే టెన్షన్. ఆ వారమే అర్రేలకు, అంటే ఒక్కో పేరును విడిగా, నంబర్ వారీగా దాచే జాబితాలకు మారాను.

మారినంత మాత్రాన సరిపోలేదు. అర్రే పేరు పక్కన స్క్వేర్ బ్రాకెట్లలో @ పెట్టి, మొత్తాన్ని డబుల్ కోట్స్‌లో ఉంచితేనే ఒక్కో పేరు చెక్కుచెదరకుండా వస్తుంది. అదే కోట్స్‌లో @ బదులు * పెడితే పేర్లన్నీ కలిసి ఒకే ముద్ద అవుతాయి. కోట్స్ మరిచిపోతే కథ మళ్లీ మొదటికే. ఈ అలవాటు చేతికి పట్టడానికి నాకు ఏడాది పట్టింది.

నాకు బాగా నచ్చింది మాత్రం కమాండ్ ఆప్షన్లను అర్రేలో పోగుచేయడం. ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ కమాండ్‌కు నేనిచ్చే ఆప్షన్లు డజను దాకా ఉంటాయి. ఒక్కోటి ఒక్కో లైన్‌లో, పక్కన కామెంట్‌తో రాసుకుంటాను. ముందు ఉత్తుత్తిగా నడిపి చూడాలంటే += తో డ్రై రన్ ఆప్షన్ చేరుస్తాను. ఆరు నెలల తర్వాత తెరిచినా ఏది ఎందుకు పెట్టానో తెలుస్తుంది. స్ట్రింగ్‌తో ఈ సుఖం లేదు.

ఇబ్బంది వెర్షన్లతోనే. మ్యాక్‌తో వచ్చే బ్యాష్ ఇంకా 3.2 దగ్గరే ఉంది. 2009లో 4.0తో వచ్చిన అసోసియేటివ్ అర్రేలు (నంబర్ బదులు పేరుతో వెతికేవి), మ్యాప్‌ఫైల్ (లైన్లను అర్రేలోకి చదివే కమాండ్) అందులో ఉండవు. సెట్ మైనస్ యు (విలువ ఇవ్వని వేరియబుల్ వాడితే స్క్రిప్ట్‌ను ఆపేసే సెట్టింగ్) పెట్టుకుంటే, పాత వెర్షన్లలో ఖాళీ అర్రేను విప్పగానే స్క్రిప్ట్ ఆగిపోతుంది. 4.4 నుంచి ఆ బాధ లేదు. ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే బ్యాష్ కాదు, డ్యాష్ అనే వేరే షెల్, దాంట్లో అర్రేలే లేవు. అందుకే స్క్రిప్ట్ మొదటి లైన్‌లో బ్యాష్ అని రాయాల్సిందే.

ఇంకో సంగతి. మధ్యలో ఒక ఎలిమెంట్‌ను అన్‌సెట్‌తో తీసేస్తే వెనకవి ముందుకు జరగవు, ఆ నంబర్ ఖాళీగా ఉండిపోతుంది. కాబట్టి సున్నా నుంచి లెక్కపెడుతూ లూప్ తిప్పకండి.

అర్రేలో అర్రే పెట్టడం కుదరదు. అంత అవసరం పడినప్పుడు పైథాన్‌లో రాస్తాను. బ్యాకప్ స్క్రిప్ట్ మాత్రం ఇప్పటికీ బ్యాష్‌లోనే, అర్రేలతోనే నడుస్తోంది.