ఐదేళ్లు వాడిన వైట్‌బోర్డు మీద నా అభిప్రాయం

2020 ఏప్రిల్‌లో కొన్నాం. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. మా 150 పడకల ఆసుపత్రిలో ఒక అంతస్తును కోవిడ్ వార్డుగా మార్చే పని నా నెత్తిన పడ్డప్పుడు తెప్పించాను.

ప్రాజెక్టుల కోసం అప్పటికే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. కొత్త ల్యాబ్ కట్టినప్పుడు బాగానే పనికొచ్చింది. కోవిడ్‌లో మాత్రం నర్సింగ్ సూపరింటెండెంట్ గారు మొదటి రోజే తేల్చేశారు: "లాగిన్ అవడానికి చేతులు ఖాళీ లేవు బాబూ."

బోర్డు మీద నాలుగు గడులు గీశాం: పని, ఎవరు చూస్తున్నారు, దేని కోసం ఆగింది, ఎప్పటికి. మూడో గడి లేకపోతే ఈ బోర్డు దండగ. "ఆక్సిజన్ పైప్‌లైన్ 60 శాతం" అని రాసినన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. "రాగి పైపు రాలేదు" అని రాసిన రోజు, అటుగా వెళ్తున్న అకౌంటెంట్ ఆగి, తనకు తెలిసిన డీలర్‌కు ఫోన్ కొట్టాడు.

2021 సెకండ్ వేవ్‌లో నాలుగో గడిలో తేదీలు పోయి గంటలు వచ్చాయి. పెద్ద సిలిండర్‌లో దాదాపు 7,000 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 15 లీటర్ల మాస్క్ పెడితే ఏడెనిమిది గంటలు వస్తుంది. ముక్కులోకి వేగంగా ఆక్సిజన్ పంపే హై ఫ్లో మెషీన్ మీద 60 లీటర్లు పెడితే రెండు గంటలు కూడా రాదు. ఆక్సిజన్ నింపుకురావడానికి బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను విమానంలో ఒడిశాకు పంపుతున్నారని టీవీలో వస్తుంటే, మేం బోర్డు ముందు నిలబడి తెల్లారేదాకా ఎన్ని సిలిండర్లు కావాలో కూడుకుంటున్నాం.

ఇక లోపాలు. ఒక రాత్రి హౌస్‌కీపింగ్ వాళ్లు హైపోక్లోరైట్ (క్రిములను చంపే బ్లీచింగ్ ద్రావణం) గుడ్డతో గోడతో పాటు బోర్డునూ శుభ్రంగా తుడిచేశారు. వాళ్ల తప్పేం లేదు, తుడవమన్నది మేమే. ఆ తర్వాత షిఫ్ట్ మారినప్పుడల్లా ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మొదలుపెట్టాం. పీపీఈ వేసుకుని లోపలున్నవాళ్లకు బోర్డు కనిపించదు, ఎవరో ఒకరు ఇంటర్‌కామ్‌లో చదివి వినిపించాలి. ఏ నిర్ణయం ఎప్పుడు తీసుకున్నామో తర్వాత ఆడిట్‌లో అడిగితే వందల ఫొటోలు వెతుక్కున్నాను, ఆ పని పగవాడికి కూడా వద్దు.

రెండు మూడు బిల్డింగులున్న ఆసుపత్రికి ఇది చాలదు. ఒకే బిల్డింగ్ అయితే నిశ్చింతగా కొనండి. మార్కర్లు మాత్రం డజను తెచ్చుకోండి, డాక్టర్లు జేబులో పెట్టుకుని వెళ్లిపోతారు.