డ్రెస్డెన్ మిలిటరీ మ్యూజియం: ట్యాంకుల పిచ్చోళ్లు ఇది చదివి వెళ్లండి

యూట్యూబ్‌లో టైగర్ ట్యాంక్ వీడియోలు చూసి చూసి పండిపోయిన మన కుర్రాళ్లు జర్మనీకి ఎంఎస్‌కి రాగానే అడిగే మొదటి ప్రశ్న, అన్నా మిలిటరీ మ్యూజియం ఎక్కడ బావుంటుంది అని. నేను డ్రెస్డెన్‌దే చెప్తా, కానీ ఒక హెచ్చరికతో. అక్కడ ట్యాంకులున్నాయి, తుపాకులున్నాయి, ఫొటోలు దిగడానికి కావాల్సినంత సరుకుంది, కాదనను. కాకపోతే వీళ్లు ఏ ఆయుధం చూపించినా అది ఎవరి నెత్తిన పడిందో కూడా చూపిస్తారు, దాంతో అబ్బా ఏం మెషిన్ రా బాబూ అని నోరు తెరుచుకుని చూసే సుఖం మాత్రం మీకు దక్కనివ్వరు. నాకు తెగ నచ్చింది అదే, నాతో వచ్చిన ఫ్రెండ్‌కి మూడ్ పాడైందీ అందుకే.

ఇది నడిపేది ఏదో శాంతి సంఘం కాదండోయ్, సాక్షాత్తూ ఇప్పటి జర్మన్ ఆర్మీ, అంటే బుండెస్‌వేర్. బిల్డింగ్ 1870ల్లో సాక్సనీ వాళ్లు, అంటే డ్రెస్డెన్ రాజధానిగా ఉన్న అప్పటి రాజ్యం వాళ్లు, ఆయుధాలు దాచుకోవడానికి కట్టుకున్నది, ఆ తర్వాత రాజుగారి సైన్యం మ్యూజియం అయింది, నాజీల టైంలో వాళ్ల మ్యూజియం అయింది, కమ్యూనిస్టు తూర్పు జర్మనీ వచ్చాక వాళ్ల ఆర్మీ మ్యూజియం అయింది, అంటే ఎవడు గద్దెనెక్కితే వాడి డప్పు కొట్టిన బిల్డింగన్నమాట. 2011 అక్టోబర్‌లో డేనియల్ లిబెస్‌కిండ్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్‌తో మళ్లీ తెరిచారు. ఈయన పోలండ్‌లో పుట్టిన యూదుడు, అమ్మానాన్నలు హోలోకాస్ట్ నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లు. చక్కగా రెండు వైపులా సమానంగా ఉన్న ఆ పాత బిల్డింగ్‌లోకి మొద్దులో గొడ్డలి దిగేసినట్టు స్టీలు, కాంక్రీటుతో ఒక పెద్ద కోణాన్ని దించేశాడు. బయట నుంచి చూస్తే మొదట ఇదేంట్రా అనిపిస్తుంది. ఆ మొన ఎటు చూపిస్తుందో తెలిశాక నోరు పడిపోతుంది, 1945 ఫిబ్రవరి 13 రాత్రి ఈ ఊరిని తగలబెట్టిన బ్రిటిష్ విమానాల బాంబులు మొదట పడిన వైపుకి.

లోపల రెండు రకాలు. పాత బిల్డింగ్‌లో కాలక్రమం, మధ్యయుగాల నుంచి మొదలుపెట్టి 1914, 1945, ఇవాళ్టి దాకా. కొత్త కోణంలో మాత్రం టాపిక్‌ల వారీగా, యుద్ధంలో జంతువులు, యుద్ధం ఆటబొమ్మలు, టెక్నాలజీ, ఇలా. గోడలన్నీ వంకర, నిలబడితే కాస్త తల తిరుగుతుంది, కావాలనే అలా కట్టారు.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన వీ-2 రాకెట్ దగ్గర. 14 మీటర్ల పొడుగు, కింద నుంచి పైకి తలెత్తి చూస్తే అంతస్తులు దాటుకుని పోతుంటుంది. ముక్కులో దాదాపు టన్ను పేలుడు పదార్థం. 1944 సెప్టెంబర్ నుంచి లండన్ మీద వేశారు, శబ్దం కన్నా వేగంగా వచ్చేది కాబట్టి సైరన్ లేదు ఏమీ లేదు, ముందు పేలుడు, ఆ తర్వాత వచ్చిన చప్పుడు. సరే ఇవన్నీ వీడియోల్లో ఉన్నవే. ఇక్కడేం చేశారంటే దీనికి జోడీగా లండన్‌లో ఒక చిన్నపిల్ల ఆడుకున్న బొమ్మరిల్లు పెట్టారు. ఆ బొమ్మరింటి కిటికీలకి కూడా వెలుతురు బయటికి పోకుండా నల్ల తెరలు, బొమ్మల పెరట్లో బాంబులప్పుడు దూరడానికి బుల్లి షెల్టర్. పిల్ల తన బొమ్మల్ని కూడా కాపాడుకుంది పాపం. ఆ రాకెట్‌ని తయారు చేసింది ఎవరనుకున్నారు, హార్జ్ కొండల కింద సొరంగాల్లో మిట్టెల్‌బావ్-డోరా అనే నాజీ క్యాంప్ ఖైదీలు. ఆ క్యాంప్‌కి దాదాపు 60,000 మందిని తెస్తే వాళ్లలో సుమారు 20,000 మంది చచ్చిపోయారు, అంటే రాకెట్ పడి పోయినవాళ్ల కన్నా దాని వెనక పోయినవాళ్లే ఎక్కువ. దాన్ని డిజైన్ చేసిన వెర్నర్ ఫాన్ బ్రౌన్ మాత్రం తర్వాత అమెరికా వెళ్లి చంద్రుడి మీదకి మనుషుల్ని పంపే రాకెట్ కట్టి హీరో అయిపోయాడు, అదీ కథ.

1914-1945 సెక్షన్‌కి మాత్రం ఖాళీ బుర్రతో వెళ్లకండి, సరుకు ఎక్కువ, చదవాల్సింది ఎక్కువ, ఓపిక లేనివాడు గాజు పెట్టెలు లెక్కపెట్టుకుంటూ పోవాల్సిందే. నా సలహా ఏంటంటే ముందు 1916 గురించి, అంటే మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో ఏం జరిగిందో కాస్త చదువుకోండి. మనమందరం హిట్లర్ దగ్గర మొదలుపెడతాం కానీ దేశం మొత్తాన్ని యుద్ధంలోకి ఈడ్చే పని అప్పుడే మొదలైంది. వెర్డన్, సోమ్ యుద్ధాల్లో గుండ్లు నీళ్లలా ఖర్చయిపోతుంటే జర్మన్ సైన్యాన్ని నడిపిన జనరళ్లు హిండెన్‌బర్గ్, లుడెన్‌డార్ఫ్ కలిసి ఫ్యాక్టరీలన్నీ ఆయుధాల వైపు తిప్పారు, ఆ డిసెంబర్‌లో చట్టం తెచ్చి 17 నుంచి 60 ఏళ్ల మగాళ్లలో సైన్యంలో లేనివాళ్లు యుద్ధానికి పనికొచ్చే పని చెయ్యాల్సిందే అన్నారు. బ్రిటిష్ నేవీ సముద్రం దిగ్బంధం చేసేసరికి చిలీ నుంచి నైట్రేట్ ఆగిపోతే, గాలిలోని నైట్రోజన్‌తో అమ్మోనియా చేసే హేబర్-బాష్ పద్ధతే పేలుడు పదార్థాలకి దిక్కయింది. తుపాకీ మందు దొరికింది, తిండి దొరకలేదు. ఆలుగడ్డ పంట పోయి ఆ చలికాలమంతా పశువులకేసే టర్నిప్ దుంపలు తిని బతికారు జనం. అదే లుడెన్‌డార్ఫ్ 1935లో టోటల్ వార్, అంటే దేశమంతా యుద్ధమే, అని పుస్తకమే రాశాడు, 1943 ఫిబ్రవరిలో రష్యాలోని స్టాలిన్‌గ్రాడ్ చేజారిన రెండు వారాలకి హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ బెర్లిన్‌లో టోటల్ వార్ కావాలా అని అడిగితే హాలు హాలంతా కావాలని అరిచింది. ఆ హాల్లో ఉన్నది ఏరికోరి పిలిచిన జనమే అనుకోండి. ఈ వరస బుర్రలో ఉంటే ఆ సెక్షన్ భలే అర్థమవుతుంది.

పై అంతస్తులో ఉన్నవి ఉత్త రాళ్లు, రోడ్డు మీద పరిచే రాళ్లు. ఒకటి పోలండ్‌లోని వియెలూన్‌ది, 1939 సెప్టెంబర్ 1న జర్మన్ విమానాలు బాంబులేసిన ఊరు. ఇంకోటి 1940 మేలో అదే జర్మన్ బాంబులకి తగలబడిన నెదర్లాండ్స్ ఊరు రోటర్‌డామ్‌ది. మూడోది డ్రెస్డెన్‌ది. పెద్ద ఉపన్యాసమేమీ అక్కర్లేదు, ఏ క్రమంలో జరిగిందో చూసుకోమంటారు అంతే. ఇది ఇక్కడ చిన్న విషయం కాదండీ, ప్రతి ఫిబ్రవరిలో నయా నాజీలు ఈ ఊరి చావుల్ని అడ్డం పెట్టుకుని ఊరేగింపులు తీసేవాళ్లు, లక్షల మంది పోయారని గోబెల్స్ మొదలుపెట్టిన లెక్కే పట్టుకుని. చరిత్రకారుల కమిటీ ఏళ్ల తరబడి తవ్వి 2010లో తేల్చింది మహా అయితే 25,000 అని. అదేం తక్కువా చెప్పండి. ఆ పై అంతస్తు నుంచి ఊరంతా కనిపిస్తుంది కూడా.

మనవాళ్లకి ఒక కొసరు ముక్క. డ్రెస్డెన్‌కి ఉత్తరాన కోనిగ్స్‌బ్రూక్ అని చిన్న ఊరుంది, సుభాష్ చంద్రబోస్ జర్మనీలో పెట్టిన ఇండియన్ లీజన్ అనే సైనిక దళానికి 1942లో ట్రైనింగ్ ఇచ్చింది అక్కడే. ఉత్తర ఆఫ్రికాలో బ్రిటిష్ వాళ్ల తరఫున పోరాడుతూ పట్టుబడ్డ మన సిపాయిలే అందులో ఎక్కువ. వాళ్లని చివరికి పంపింది ఇండియాకి కాదు, ఫ్రాన్స్ సముద్రతీరం కాపలాకి. దీని మీద తెలుగులో ఎవరైనా సరిగ్గా రాస్తే బావుండు.

ఇక పనికొచ్చే విషయాలు. ట్రామ్ 7 లేదా 8 ఎక్కి స్టౌఫెన్‌బర్గ్‌అలీ స్టాప్‌లో దిగాలి. స్టాప్ పేరేమో హిట్లర్ పక్కన బాంబు పెట్టినాయనది, మ్యూజియం ఉన్న ఓల్‌బ్రిక్ట్ ప్లాట్జ్ పేరేమో అదే కుట్రలో అదే రాత్రి ఆయనతో పాటు కాల్చి చంపబడ్డ జనరల్‌ది. బుధవారం సెలవు, వెళ్లేముందు టైమింగ్స్ ఒకసారి చూసుకోండి. బోర్డులు జర్మన్‌తో పాటు ఇంగ్లిష్‌లోనూ ఉన్నాయి, జర్మన్ రానివాళ్లు భయపడక్కర్లేదు. చిన్నపిల్లలతో వెళ్తే జంతువుల సెక్షన్ దగ్గర ఆడించండి, ఏనుగుతో సహా సైన్యాల వెంట నడిచిన జీవాలన్నీ ఊరేగింపుగా ఉంటాయి. గాయాలు, చావుల సెక్షన్ వైపు తీసుకెళ్లొద్దు, పెద్దవాళ్లకే కష్టం. గంటలో చూసేద్దామనుకుంటే డబ్బు దండగ, సగం రోజు పెట్టుకోండి, తిని వెళ్లండి, లేదంటే తర్వాత నడుచుకుంటూ నోయ్‌స్టాట్ అనే పేట వైపు దిగితే తిండికి లోటు లేదు.

నా రేటింగ్ 5కి 4.5. ఆ అర మార్కు ఎందుకు కోశానంటే పాత బిల్డింగ్ సెక్షన్ చదివేసరికి కళ్లు లాగేస్తాయి. కాబట్టి ముందు లిఫ్టులో పై అంతస్తుకెళ్లి రాళ్లు చూసి, మెల్లగా రాకెట్ పక్కన కిందికి దిగుతూ రండి, పాత బిల్డింగ్‌లో 1914 ముందుది టైముంటేనే చూడండి.