‘రాన్’ తీసిన చోట్లకు: హిమేజి, కుమమోతో, అసో

జపాన్ దర్శకుడు అకిరా కురొసావా సినిమా ‘రాన్’ (1985) తెరుచుకునేదే పచ్చటి కొండల మీద. గుర్రాలెక్కి కదలకుండా నలుదిక్కులా చూస్తున్న మనుషులు, ఆ వెంటనే అడవిపంది వేట. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ కథను జపాన్ యుద్ధాల కాలానికి తెచ్చి, కూతుళ్ల బదులు కొడుకుల్ని పెట్టాడాయన. ఆ సినిమా మీద ప్రేమతో జపాన్ వెళ్లేవాళ్లు ఏ ఊరికి ఎంత సమయం ఇవ్వాలన్నదే ఇక్కడ చెబుతున్నాను.

అందం మాటకొస్తే హిమేజి కోటకు సాటి లేదు. స్టేషన్ నుంచి తిన్నగా నడిస్తే ఇరవై నిమిషాలు. లోపల చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుని, నిటారు చెక్కమెట్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు వద్దనే అంటాను. పైకి వెళ్తే ఉండేవి ఖాళీ గదులే. అసలు చూడాల్సింది కింద, మలుపు తిరిగే ద్వారాల దారి. తెల్లగోడల్లో బాణాలకూ తుపాకులకూ వదిలిన కంతలు గుండ్రంగా, ముక్కోణంగా, చదరంగా ఉంటాయి. వాటిలోంచి దారి వైపు చూస్తే ఆ సినిమాలో మనుషులు ఎంత నిస్సహాయులో తెలుస్తుంది. స్టేషన్ దగ్గరి బిజినెస్ హోటల్ చాలు. గది చిన్నదే అయినా శుభ్రం.

కుమమోతో కోటలోనూ కొంత చిత్రీకరణ జరిగింది. 2016 భూకంపానికి ఈ కోట బాగా దెబ్బతింది. ప్రధాన బురుజు 1960లో కాంక్రీటుతో కట్టింది, 2021లో మళ్లీ తెరిచారు, లిఫ్టు ఉంది. మొత్తం కోట బాగుపడేది 2052కి అంటున్నారు. రాలిన రాళ్లకు అంకెలు వేసి వరసగా పరిచారు, ఏ రాయి చోటు ఆ రాయికే. ఒక పూట చాలు. మేం దిగిన చోట శాకాహారమని ముందే చెప్పినా సూప్‌లో చేప మరిగించిన నీళ్లే పోశారు. ముక్క కనిపించకపోతే శాకాహారమే అనుకునేవాళ్లు ఎక్కువ, విడమరిచి చెప్పాలి.

సినిమాలో తగలబడే మూడో కోట కోసం వెతకొద్దు. ఫుజి వాలు మీద సెట్ వేసి, కెమెరా ముందు నిజంగానే తగలబెట్టారు. ముసలి రాజుగా వేసిన నటుడు నకదాయి మంటల్లోంచి మెట్లు దిగే ఆ దృశ్యానికి రెండో టేక్ అవకాశమే లేదు.

రాత్రులన్నీ అగ్నిపర్వతం, గడ్డిమైదానాలున్న అసోకి ఇవ్వండి. కుమమోతో నుంచి రైలుంది, ఆ భూకంపానికి ఆగిపోయి 2020లో మళ్లీ మొదలైంది. కానీ గడ్డిమైదానాలకు బస్సులు తక్కువ. మన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ అక్కడ చెల్లుతుంది, ఎడమ వైపే నడపాలి, కారు తీసుకోండి. ఆ పచ్చదనం దానంతటది నిలవలేదు. ఏటా వసంతం మొదట్లో ఊళ్లవాళ్లు గడ్డికి నిప్పు పెడతారు, లేకపోతే అడవి కమ్మేస్తుంది. పసుపు, ఎరుపు, నీలం జెండాలతో ముగ్గురు కొడుకుల సైన్యాల్ని కురొసావా ఎందుకు విడదీశాడో ఈ వాలు మీద నిలబడితేనే నాకు అర్థమైంది: ఇంత పచ్చలో మనిషి చుక్కలా కనిపిస్తాడు, రంగొక్కటే దూరానికి అందుతుంది. ఈ సినిమాకి దుస్తులు రూపొందించినందుకే వాదా ఎమికి ఆస్కార్ వచ్చింది.

ఇక్కడ ఒక దంపతులు నడిపే చిన్న బసలో ఉన్నాం. ముందే రాసి పంపినందుకు సముద్రపు నాచు నీళ్లతో వండిన టోఫు, కొండ ఆకుకూరలు పెట్టారు. యాత్ర మొత్తంలో మంచి భోజనం అదే. అగ్నిపర్వతం బిలం మాత్రం విషవాయువులున్న రోజు మూసేస్తారు; ఉబ్బసం ఉన్నవాళ్లు అసలు వెళ్లకూడదు. పచ్చదనం కావాలంటే మే, జూన్ నెలలు చూసుకోండి.