సేఫ్టీ రేజరు, మంగలి కత్తి: ఏళ్ల తరబడి రెండూ వాడాక

ముందే చెప్పేస్తాను. గడ్డం నున్నగా రావడంలో ఈ రెండింటికీ పెద్ద తేడా లేదు. కత్తితో గీసుకుంటే రెండు రోజులదాకా గరుకు తేలదని వీడియోల్లో ఊదరగొట్టేవాళ్లను నమ్మకండి. ఏ దాంతో గీసినా నాకు సాయంత్రానికి గవద కింద చెయ్యి పెడితే తగులుతూనే ఉంటుంది. అసలు తేడా పదును చూసుకునే పని ఎవరిది అన్న దగ్గరుంది. సేఫ్టీ రేజరులో వేసే రెండంచుల బ్లేడుకు ఆ పని ఫ్యాక్టరీ చేసి పెడుతుంది, మొద్దుబారితే మనం పారేస్తాం. కత్తికి మాత్రం ఆ చాకిరీ మనదే. అది ఇష్టంగా చేసేవాడికి కత్తి అంత మంచి వస్తువు లేదు, విసుక్కునేవాడికి అంత దండగ ఖర్చూ లేదు.

కింగ్ క్యాంప్ జిల్లెట్ అమెరికాలో అమ్మకానికి పెట్టింది కూడా ఈ వెసులుబాటునే. 1903లో ఆయన కంపెనీ అమ్మినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. ఆ మరుసటి ఏడాదే రేజర్లు తొంభై వేలు దాటాయి. రోజూ పొద్దున్నే తోలు మీద కత్తి లాగే పని తప్పితే చాలనుకున్నవాళ్లు అంతమంది ఉన్నారన్నమాట.

నేను వాడే సేఫ్టీ రేజరు మెర్కూర్ 34సీ. పిడి పొట్టి, బరువు ఎక్కువ. ఆ బరువే పని చేస్తుంది, మనం నొక్కక్కర్లేదు. కార్ట్రిడ్జి రేజరుకు (బ్లేడ్లున్న తల మొత్తం మార్చే రకానికి) అలవాటుపడ్డ చెయ్యి మొదట్లో నొక్కుతుంది, మంట అక్కణ్నుంచే వస్తుంది. చర్మానికి ముప్ఫై డిగ్రీల వాలులో పట్టుకుని, వెంట్రుకలు పెరిగే దిశలో ఒకసారి, మళ్లీ నురగ పట్టించి అడ్డంగా ఒకసారి లాగితే ఆఫీసుకు వెళ్లడానికి సరిపోతుంది. ఎదురు గీత పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఉంచుకోండి. బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతే, కాబట్టి దాన్ని కదలకుండా బిగించి పట్టే తల బాగుండాలి. పిడి అందం చూసి కొనకండి. చవక రకాల్లో మర ఉన్న చోట పోతపోసిన లోహమే ఉంటుంది, బాత్రూం గచ్చు మీద పడిందంటే అక్కడే పుటుక్కుమంటుంది.

బ్లేడ్ల సంగతి మనిషిని బట్టి. జపాన్ ఫెదర్ చాలా పదును, చెయ్యి కుదిరాకే దాని జోలికి వెళ్లాలి. కిరాణా కొట్లో దొరికే సెవెనోక్లాక్ నా ముఖానికి చక్కగా సరిపోయింది. ఒక్కో బ్లేడు కొన్ని రూపాయలే కాబట్టి, లాగుతున్నట్టు అనిపించగానే మార్చేస్తాను. వాడినవాటిని మాత్రం చెత్తబుట్టలో అలాగే పడేయకండి. పాత పౌడరు డబ్బాకు చీలిక పెట్టి అందులో వేస్తూ రండి. చెత్త చేత్తో వేరుచేసేవాళ్ల వేళ్లూ వేళ్లే కదా.

ఇక కత్తి. నాది జర్మనీ సోలింగెన్‌లో చేసింది, అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతుల వెడల్పు, రెండు పక్కలా బాగా లోపలికి తొలిచిన రకం. రేకు ఎంత పల్చనంటే గడ్డం తెగుతుంటే సన్నగా మోగుతుంది. ఆ చప్పుడు విని వాలు సరిగా ఉందో లేదో చెప్పొచ్చు. ఎడమ చెంపకు ఎడమ చెయ్యి, కుడి చెంపకు కుడి చెయ్యి. ఖాళీగా ఉన్న చెయ్యి చర్మాన్ని బిగలాగి పట్టాలి. ఈ బిగలాగడం వచ్చిందంటే కత్తి సగం వచ్చినట్టే. కంఠమణి దగ్గర మాత్రం నేను ఇప్పటికీ సేఫ్టీ రేజరునే నమ్ముతాను. మీసం అంచు, చెవి పక్కన గీత తీయాలంటే కత్తికి సాటి లేదు, ఎందుకంటే అంచు కళ్లకు కనబడుతూ ఉంటుంది.

అయ్యప్ప మాల తీశాక చూడాలి దీని ప్రతాపం. నలభై ఒక్క రోజుల గడ్డం ముందు సేఫ్టీ రేజరు సొరచేప పళ్లలో గడ్డి ఇరుక్కున్నట్టు అయిపోతుంది, రెండు గీతలకోసారి కుళాయి కింద పెట్టాలి. కత్తికి ఇరుక్కోవడానికి సందే లేదు. తుడుచుకుంటూ పోవడమే.

చాకిరీ ఎలా ఉంటుందో కూడా వినండి. గీసుకునే ముందు ప్రతిసారీ తోలు పట్టీ మీద ముప్ఫై, నలభై సార్లు లాగాలి. తోలు మీద కత్తి వీపు, అంటే మొద్దు పక్క, ముందు నడవాలి, అంచు వెనక రావాలి. సానరాయి మీద దీనికి తలకిందులు, అంచే ముందు. తోలు మీద తిరగేసి తోస్తే పట్టీ తెగి ఊరుకుంటుంది. మలుపు దగ్గర కత్తిని అంచు మీద కాకుండా వీపు మీదే దొర్లించాలి. కొన్ని నెలలకోసారి రాయి పని పడుతుంది. గాట్లు పడితే వెయ్యి నంబరు రాయి (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు), మామూలుగా అయితే ఎనిమిది వేలు, తర్వాత పన్నెండు వేలు. వీపూ అంచూ రెండూ రాయికి ఆనించి లాగితే చాలు, కోణం దానంతటదే వస్తుంది. కత్తి చేసినవాళ్లే వీపు మందంలో ఆ లెక్క పెట్టేశారు.

మాది విశాఖ. కార్బన్ స్టీలుకు సముద్రం గాలి పడదు. పొడిగుడ్డతో తుడిచి, అంచుకు చుక్క నూనె రాసి, బాత్రూంలో కాకుండా బీరువాలో పెడుతున్నాను. వానాకాలంలో ఒక్క రోజు ఏమరుపాటుగా ఉన్నా చుక్కలు తేలతాయి.

నూరి ఇమ్మని క్షౌరశాలకు వెళ్దామంటే అక్కడా రాయి లేదు. ఎయిడ్స్ భయం వచ్చాక మనిషికో బ్లేడు పద్ధతి పడింది, ఇప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది సగం విరిచిన బ్లేడు దోపుకునే కత్తి. అంటే ఒళ్లు పాత కత్తిది, అంచు జిల్లెట్‌ది. అది చవకే, రాయీ తోలూ అక్కర్లేదు. కానీ తేలిక, బిరుసు. అసలు కత్తి క్షమించే పొరపాటు అది క్షమించదు. దానితో నేర్చుకుంటే అసలు కత్తి వచ్చేస్తుందని అనుకోకండి.

గీసుకున్నాక పటిక రుద్దండి. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ మీరు ఎక్కువ నొక్కారు. ఈ పరీక్షలో నా మట్టుకు సేఫ్టీ రేజరుకీ కత్తికీ దాదాపు సమానంగానే మార్కులు పడతాయి. సమయం మాత్రం కత్తికి రెట్టింపు పడుతుంది. అందుకే ఆఫీసు రోజుల్లో సేఫ్టీ రేజరు, ఆదివారం కత్తి. విమానంలో రేజరు పిడిని చేతిసంచిలో రానిస్తారేమో గానీ బ్లేడునీ కత్తినీ రానివ్వరు, రెండూ పెట్టెలో వేసి పంపాల్సిందే.

ఇంతా విని కత్తే కావాలనుకుంటే, ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు వచ్చే మెరుపు కత్తుల వైపు చూడకండి. వాటి ఇనుము పదును పట్టదు, పట్టినా నిలవదు. మంచి కత్తికి వేలల్లో పెట్టాలి, పట్టీకి వేరే. డబ్బు కట్టే ముందు అమ్మేవాళ్లను ఒకటి అడగండి: గీసుకోవడానికి సిద్ధంగా నూరి పంపుతారా, లేక ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే పంపుతారా? రెండోదయితే రాళ్ల ఖర్చు కూడా ఇప్పుడే కలుపుకోండి.